యాప్‌లో స్కోరు పెరుగుతోంది, నోటికి భాష ఎందుకు రావడం లేదు?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. దాదాపు ఏడాదిగా ఆటలా సాగే ఒక యాప్‌లో స్పానిష్ నేర్చుకుంటున్నారు. రోజుకు పావుగంట చొప్పున, స్ట్రీక్ (వరుసగా వచ్చిన రోజుల లెక్క) ఒక్కరోజూ తెగకుండా నిలుపుకున్నారు. లీగుల్లో, అంటే పాయింట్ల కోసం వారంవారం జరిగే పోటీల్లో, పై మెట్టుకు చేరారు. కానీ స్పానిష్ మాతృభాషగా ఉన్న సహోద్యోగి వీడియో కాల్‌లో పలకరించినప్పుడు రెండో వాక్యానికే నోరు పెగలలేదు. ఈ యాప్‌లు కాలక్షేపానికేనా, మానేయాలా, డబ్బు కట్టి పెయిడ్ వెర్షన్ తీసుకుంటే ఏమైనా మారుతుందా అన్నవి మీ ప్రశ్నలు.

నేను చాలా ఏళ్లుగా పెద్దవాళ్లకు విదేశీ భాషలు నేర్పుతున్నాను. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది ఏదో ఒక యాప్ వాడి వచ్చినవారే. వాళ్లందరిలో నేను చూసింది ఒకటుంది: యాప్ స్కోరు మీరు ఎన్నిసార్లు వచ్చారో, ఎంతసేపు ఉన్నారో చెబుతుంది. భాష ఎంత వచ్చిందన్నది దాని లెక్కలోకి సరిగ్గా రాదు. ఈ తేడా ఎక్కడ పుడుతుందో తెలిస్తే మానేయాలా, ఉంచుకోవాలా అన్నది మీరే తేల్చుకోగలరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ మీద మీకున్న కోపాన్ని తగ్గించే లెక్క ఒకటి చెప్పాలి. రోజుకు 15 నిమిషాల చొప్పున ఏడాదికి సుమారు 91 గంటలు అవుతుంది. అమెరికా ప్రభుత్వం తన దౌత్యవేత్తలకు భాషలు నేర్పడానికి నడిపే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్, ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారికి స్పానిష్, ఫ్రెంచ్ వంటి దగ్గరి భాషలు ఉద్యోగానికి సరిపోయేంత రావాలంటే సుమారు 600 నుంచి 750 తరగతి గంటలు పడతాయని అంచనా వేస్తుంది. జపనీస్, చైనీస్, కొరియన్, అరబిక్ భాషలకైతే సుమారు 2200 గంటలు. అవీ చిన్న బృందాలుగా, ఎదుట ఉపాధ్యాయుడు ఉండగా గడిపిన గంటలు. ఇంటి దగ్గర చదువు దానికి అదనం. ఆ పక్కన 91 గంటలు పెట్టి చూస్తే, మీరు మాట్లాడలేకపోవడంలో వింత ఏమీ లేదు. ఏ పద్ధతిలో నేర్చుకున్నా ఇంత సమయంలో మీరు ఇంకా మొదటి మెట్ల మీదే ఉండేవారు. వింతగా తోచడానికి కారణం యాప్ మీకు చూపించిన పతకాలు.

ఇక మంచి సంగతులు. వీటిని నేను మొక్కుబడిగా చెప్పడం లేదు.

భాష నేర్చుకోవడంలో అన్నిటికన్నా కష్టమైన పని రోజూ కూర్చోవడం. పుస్తకం కొని మూడో పాఠం దగ్గర ఆపేసినవాళ్లు లెక్కలేనంతమంది. మిమ్మల్ని ఏడాదిపాటు ప్రతిరోజూ ఆ భాష ముందు కూర్చోబెట్టిన పరికరం చిన్న పని చేయలేదు. అంతేకాదు, పెద్దవాళ్లు కొత్త భాష ముందు చిన్నపిల్లలైపోతారు, నలుగురిలో తప్పు మాట్లాడటానికి సిగ్గుపడతారు. యాప్ దగ్గర ఆ సిగ్గు ఉండదు. ఒకే తప్పు పదిసార్లు చేసినా చూసేవాళ్లు లేరు. తరగతిలో నోరు విప్పని మనుషులు యాప్‌తో మొదలుపెట్టి ధైర్యం తెచ్చుకుని నా దగ్గరికి వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి.

రెండోది, వీటి వెనుక నిజమైన శాస్త్రం ఉంది. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త అర్థంలేని అక్షరాల గుంపులను కంఠస్థం చేస్తూ, తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, మనిషి ఎంత వేగంగా మరిచిపోతాడో 1885లో ప్రచురించాడు. మరిచిపోయే సమయానికి మళ్లీ గుర్తుచేసుకుంటే, ఆ తర్వాతి మరుపు నెమ్మదిస్తుంది. 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే సైన్స్ పాత్రికేయుడు ఇదే సూత్రంతో, ప్రశ్న, జవాబు రాసుకున్న కార్డులను పెట్టెల్లో సర్దుకునే పద్ధతి చెప్పాడు. 2006లో వచ్చిన ఆంకీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా కంప్యూటర్‌లో ఇదే సూత్రంతో పనిచేస్తుంది. అదే ఏడాది రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు మరో విషయం చూపించారు: పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారికి అయిదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది కానీ, వారం తర్వాత చూస్తే చదివిన దాన్ని తమంతట తాము గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించినవారే ముందున్నారు. యాప్‌లు మిమ్మల్ని పదేపదే ప్రశ్నించేది ఇందుకే. పదాలు గుర్తుంచుకోవడానికి, కొత్త లిపి నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి సాధనం చాలామందికి దొరకదు. జపనీస్ హిరగానా, కొరియన్ హంగుల్, రష్యన్ లిపి వంటివి నేను తరగతిలో నేర్పడం దాదాపు మానేశాను. వాటిని యాప్‌లో నేర్చుకుని రమ్మంటాను. తరగతిలో మనుషులు కలిసి ఉండే సమయాన్ని దానికి ఖర్చు చేయడం అనవసరం.

మరి తేడా ఎక్కడ వస్తోంది? నా అనుభవంలో అన్నిటికన్నా పెద్ద కారణం, తెర కింద పేర్చి ఇచ్చే ఆ పదాలే.

ఒక వాక్యం ఇస్తారు. దాన్ని స్పానిష్‌లో చెప్పడానికి కావలసిన పదాలు, వాటితోపాటు మరో మూడు నాలుగు అక్కరలేని పదాలు కింద కనిపిస్తాయి. మీరు నొక్కి వరుసలో పెడతారు, గంట మోగుతుంది. ఇప్పుడు ఆ వాక్యం ‘నేను వెళ్లాను’ అన్న అర్థంతో ఉందనుకుందాం. స్పానిష్‌లో ఒకసారి వెళ్లి ముగించిన పనికి ‘ఫూయి’ అంటారు. అప్పట్లో తరచూ వెళ్తుండేవాడిని అనడానికో, వెళ్తూ ఉన్నప్పుడు అనడానికో ‘ఈబా’ అంటారు. స్పానిష్ మాట్లాడేవాళ్లు ప్రతి కథలోనూ, ప్రతి కబురులోనూ ఈ రెండింటి మధ్య ఎంచుకుంటూనే ఉంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు తడబడేదీ అక్కడే. కానీ కింద పేర్చిన పదాల్లో క్రియ ఒక్కటే ఉంటే, ఏ రూపం వాడాలన్న ప్రశ్న మీ ముందుకు రానే రాదు. మీరు వాక్యం సరిగ్గా పెట్టారు, పాయింట్లు వచ్చాయి, నిర్ణయం మాత్రం మీ తరఫున యాపే తీసుకుంది. ఏడాదిలో ఇలాంటి వేల నిర్ణయాలు మీరు తీసుకోకుండానే దాటిపోయాయి. వీడియో కాల్‌లో ఎవరూ కింద పదాలు పేర్చి ఇవ్వరు.

చూసి గుర్తుపట్టడం వేరు, శూన్యం నుంచి తెచ్చి నోట పెట్టడం వేరు. మొదటిది రెండోదానికి సాయపడుతుంది కానీ, దానంతటదే రెండోదిగా మారదు. వినడం విషయంలోనూ ఇంతే. యాప్‌లో ఒక్కో వాక్యం విడిగా, స్పష్టంగా, ఒకే వేగంతో వినిపిస్తుంది. చాలాసార్లు అక్షరాలు కూడా కళ్లముందే ఉంటాయి. నిజమైన మాటలో పదాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, సగంలో ఆగుతాయి, వెనక్కి వెళ్తాయి. పైగా ముందు చెప్పిన మాటతో ముడిపడి ఉంటాయి. సంబంధం లేని విడి వాక్యాలను వందల కొద్దీ అనువదించినవారికి, రెండు నిమిషాల మాటలో తీగ పట్టుకుని వెంట వెళ్లే అలవాటు ఏర్పడదు. మీరు మొదటి వాక్యానికి జవాబిచ్చి రెండోదానికి ఆగిపోయారంటే నాకు ఆశ్చర్యం కలగలేదు. మొదటి పలకరింపు పాఠంలో ఉంటుంది, రెండోది ఎదుటి మనిషి మీ జవాబును బట్టి వేస్తాడు.

న్యూజీలాండ్‌లోని విక్టోరియా యూనివర్సిటీ ఆఫ్ వెల్లింగ్టన్‌లో పనిచేసిన భాషాబోధన పరిశోధకుడు పాల్ నేషన్, భాషా అభ్యాసం నాలుగు పాయలుగా సమానంగా సాగాలని 2007లో రాశారు. అర్థం కోసం వినడం, చదవడం ఒకటి. అర్థం కోసం మాట్లాడటం, రాయడం రెండోది. పదాలు, వ్యాకరణం, ఉచ్చారణల మీద నేరుగా దృష్టి పెట్టడం మూడోది. ఇప్పటికే తెలిసిన భాషను తడుముకోకుండా వేగంగా వాడటం నాలుగోది. దీన్ని నా విద్యార్థులకు మొదటి రోజే చెబుతాను. మీ 91 గంటలను ఈ నాలుగింటిలో వేసి చూడండి. దాదాపు అన్నీ మూడో పాయలోనే పడతాయి. అంటే మీరు చేసిన పని చెడ్డదేమీ కాదు, మిగిలిన మూడూ ఖాళీగా ఉన్నాయి, అంతే.

ఇప్పుడు ఆట సంగతి. దీని గురించి నాకు గట్టి అభిప్రాయాలున్నాయి.

పాయింట్లు ఉన్నచోట మనిషి పాయింట్ల కోసం ఆడతాడు. లీగులో ఆదివారం రాత్రి కిందికి జారిపోయే ప్రమాదం ఉన్నప్పుడు కొత్త పాఠం తెరిచేవారు అరుదు. బాగా వచ్చిన పాత పాఠాన్ని మళ్లీ మళ్లీ చేస్తే తక్కువ సమయంలో ఎక్కువ పాయింట్లు వస్తాయని అందరికీ తెలుసు. కొన్ని యాప్‌లలో తప్పు చేసినప్పుడల్లా ఒక ప్రాణం పోతుంది. ప్రాణాలు అయిపోతే ఆగాలి, లేదా ప్రకటన చూడాలి. దాంతో మనిషి తప్పు చేయని దారి వెతుక్కుంటాడు. అమెరికా మనస్తత్వవేత్త రాబర్ట్ బ్యోర్క్ దశాబ్దాలుగా చెబుతున్నది దీనికి పూర్తిగా వ్యతిరేకం: నేర్చుకునేటప్పుడు తగినంత కష్టం ఉంటేనే, తడబడి వెతుక్కుంటేనే జ్ఞాపకం గట్టిపడుతుంది. సులువుగా సాగిన పాఠం బాగా వచ్చినట్టు అనిపిస్తుంది, త్వరగా చెరిగిపోతుంది. ఆట సులువు వైపు లాగుతుంది, భాష కష్టంలో పెరుగుతుంది. నా దృష్టిలో ఈ యాప్‌ల అసలు లోపం ఇదే. మిగిలినవన్నీ సరిదిద్దగలిగినవి.

స్ట్రీక్‌ది మరో కథ. చేతికి వచ్చినదాన్ని పోగొట్టుకునే బాధ, అంతే విలువైనది కొత్తగా దొరికినప్పటి సంతోషం కన్నా బలమైనదని కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వవేత్తలు 1979లో వివరించారు. స్ట్రీక్ పనిచేసేది ఆ బాధ మీదే. మొదటి నెలల్లో అది మేలే చేస్తుంది. తర్వాత, రాత్రి పడుకునే ముందు కళ్లు మూతలు పడుతుండగా రెండు నిమిషాల్లో ఒక పాఠం నొక్కేసి ‘ఈ రోజుకు చదివాను’ అనుకునే అలవాటుగా మారుతుంది. ఆ రెండు నిమిషాలు నష్టం చేయవు. చదివేశానన్న తృప్తి మాత్రం చేస్తుంది, ఎందుకంటే ఆ తృప్తితో అసలు చదువు వాయిదా పడుతుంది.

దీనికి సంబంధించి ఒక పాత ప్రయోగాన్ని నేను తరచూ గుర్తుచేసుకుంటాను. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు, బొమ్మలు గీయడమంటే అప్పటికే ఇష్టపడే చిన్నపిల్లలను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు, గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. మరో గుంపుకు చెప్పకుండా, గీసిన తర్వాత ఇచ్చారు. మూడో గుంపుకు ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత ఖాళీ సమయంలో ఎవరు ఎంతసేపు గీస్తున్నారో గమనిస్తే, ముందే బహుమతి మాట విన్న పిల్లలు మిగతావారిలో సగం సేపే గీశారు. అనుకోకుండా బహుమతి పొందిన పిల్లల ఇష్టం తగ్గలేదు. చెడగొట్టింది బహుమతి కోసం చేయడమే. స్ట్రీక్ తెగిన రోజున భాషనే వదిలేసిన వాళ్లను చూసినప్పుడల్లా నాకు ఈ పిల్లలే గుర్తుకొస్తారు. వాళ్లకు ఆ భాష మీద మొదట్లో నిజమైన ఇష్టం ఉండేది.

ఇదంతా ఎవరి కుట్రా కాదు. ఈ యాప్‌లలో అన్నిటికన్నా పేరున్న డ్యూయోలింగోను 2012లో అందరికీ అందుబాటులోకి తెచ్చిన లూయిస్ వాన్ ఆన్, అంతకుముందు రీక్యాప్చాను తయారుచేసిన కంప్యూటర్ శాస్త్రవేత్త. మనుషులు వెబ్‌సైట్లలో అక్షరాలు గుర్తుపట్టే పనిని పాత పుస్తకాల డిజిటలీకరణకు వాడుకున్న ఆలోచన అది. భాష నేర్చుకునేవారి చేత వెబ్ పేజీలను అనువదింపజేసి, దానితో ఖర్చులు రాబట్టుకోవాలన్నది డ్యూయోలింగో మొదటి ఆలోచన కూడా. తర్వాత అది పక్కకు పోయి ప్రకటనలు, చందాలు ప్రధాన ఆదాయమయ్యాయి. 2021లో కంపెనీ అమెరికా స్టాక్ మార్కెట్ నాస్డాక్‌లో నమోదైంది. అప్పటి నుంచి రోజూ ఎంతమంది యాప్ తెరుస్తున్నారన్న సంఖ్యను ప్రతి త్రైమాసికంలో పెట్టుబడిదారులకు చెబుతుంది. ఏ సంఖ్యను లెక్కిస్తే ఆ సంఖ్యే పెరుగుతుంది. మీరు స్పానిష్‌లో ఫిర్యాదు చేయగలరా, జోకు చెప్పగలరా అన్నదానికి అలాంటి త్రైమాసిక సంఖ్య లేదు.

‘యాప్‌లో 34 గంటలు చదివితే విశ్వవిద్యాలయంలో ఒక సెమిస్టర్ స్పానిష్‌తో సమానం’ అన్న మాట మీరూ చూసే ఉంటారు. అది 2012లో వెసెలినోవ్, గ్రెగో అనే పరిశోధకులు చేసిన అధ్యయనం నుంచి వచ్చింది. దానికి డబ్బు ఇచ్చింది డ్యూయోలింగోనే. అంతమాత్రాన అది తప్పు కాదు. కానీ అక్కడ వాడిన పరీక్షలో మాట్లాడే భాగం లేదు. మొదటి సెమిస్టర్ అంటే ఆరంభమేనన్నదీ గుర్తుంచుకోవాలి.

చాలామంది పట్టించుకోని ఇబ్బంది ఇంకొకటి ఉంది. ఈ కోర్సుల్లో చాలా వాటిని ఇంగ్లిష్ మాట్లాడేవారి కోసమే రాశారు. మాతృభాష వేరైనవారు రెండు భాషలను దాటుకుని మూడోదానికి చేరాలి. కొన్నిసార్లు స్పానిష్ సరిగ్గా అర్థమైనా, ఇంగ్లిష్ వాక్యం తప్పుగా పేర్చినందుకు ప్రాణం పోతుంది. పైగా ఇంగ్లిష్ వారికి కష్టమైనది మీకూ కష్టమని పాఠం అనుకుంటుంది. ‘నాకు ఈ పాట నచ్చింది’ అన్నప్పుడు తెలుగులో పాట కర్త, ‘నాకు’ అన్నది చతుర్థి. స్పానిష్‌లోనూ సరిగ్గా అంతే. క్రియ చివరను బట్టి ఎవరు చేశారో తెలుస్తుంది కాబట్టి ‘నేను’ అని చెప్పకపోయినా సరిపోతుంది, తెలుగులో లాగానే. ఇంగ్లిష్ దారిన వెళ్లినవారు వీటిని తలకిందుల వ్యవహారంగా నేర్చుకుంటారు. యాప్ ఇచ్చే వివరణ చదివాక, ఇదే మాట తెలుగులో ఎలా అంటామని ఒక్క క్షణం ఆగి చూడండి. కొన్నిచోట్ల దారి చాలా దగ్గరవుతుంది.

మానేయమని నేను చెప్పను. వాడే తీరు మార్చమంటాను.

తెర కింది భాగాన్ని అరచేత్తో మూయండి. వాక్యం చూసి, పూర్తిగా, పైకి వినపడేలా స్పానిష్‌లో చెప్పండి. చెప్పిన తర్వాతే చేయి తీసి పదాలు నొక్కండి. కీబోర్డుతో రాసే వీలు ఉంటే దానికే మారండి. వినే ప్రశ్న వచ్చినప్పుడు మొదటిసారి కళ్లు మూసుకుని వినండి. ఇలా చేస్తే పాఠం రెట్టింపు సమయం తీసుకుంటుంది, తప్పులు పెరుగుతాయి, లీగులో కిందికి వెళ్తారు. వెళ్లనివ్వండి. కొన్ని యాప్‌లలో ప్రొఫైల్‌ను ప్రైవేటుగా మారిస్తే లీగుల నుంచి పూర్తిగా బయటపడవచ్చు. నా విద్యార్థులకు నేను ఇచ్చే మొదటి సలహా అదే. స్ట్రీక్ మాత్రం మిమ్మల్ని కూర్చోబెడుతున్నంతకాలం ఉంచుకోండి. యాప్‌కు రోజూ మీరు వెళ్లాలా అన్నది ఆట నిర్ణయించవచ్చు, వెళ్లి ఏం చేయాలన్నది నిర్ణయించనివ్వకండి.

పావుగంటలో యాప్‌కు అయిదారు నిమిషాలు చాలు. మిగిలినది వినడానికి, చదవడానికి ఇవ్వండి. ఆరంభ స్థాయివారి కోసం సులభమైన పదాలతో రాసిన కథల పుస్తకాలు స్పానిష్‌లో బోలెడు ఉన్నాయి. నెమ్మదిగా మాట్లాడే పాడ్‌కాస్ట్‌లూ ఉన్నాయి. కొత్తది వెతుక్కుంటూ పోకుండా, మూడు నాలుగు నిమిషాల భాగం ఒకటి తీసుకుని వారమంతా అదే వినండి. మొదటి రోజు ముక్కలుగా వినిపించేది నాలుగో రోజుకు మాటగా వినిపిస్తుంది. తగిలిన మంచి వాక్యాన్ని ఆంకీలో కార్డుగా రాసుకోండి. మీరు ఎంచుకున్న వాక్యం ఎవరో ఎంచి ఇచ్చిన వాక్యం కన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది.

మాట్లాడటం గురించి ‘ఇంకా సిద్ధంగా లేను’ అని చాలామంది వాయిదా వేస్తారు. ఆ సిద్ధం కావడం అన్నది మాట్లాడటంలోనే జరుగుతుంది. వారానికి అరగంట ఒక మనిషితో మాట్లాడండి. అది ఉపాధ్యాయుడైనా సరే, మీ భాష నేర్చుకోవాలనుకునే స్పానిష్ వ్యక్తి అయినా సరే. ఆ అరగంటకు ముందు ఒంటరిగా చేయగలిగిన అభ్యాసం ఒకటి ఉంది, నా తరగతుల్లో అన్నిటికన్నా ఫలితం ఇచ్చింది అదే. మీ పని గురించో, నిన్నటి రోజు గురించో ఒక చిన్న కథనం నాలుగు నిమిషాలు పైకి చెప్పండి. వెంటనే అదే కథనం మూడు నిమిషాల్లో, మళ్లీ రెండు నిమిషాల్లో చెప్పండి. కొత్త విషయం వెతుక్కునే భారం ఉండదు కాబట్టి మూడోసారికి నాలుక కదులుతుంది. పాల్ నేషన్ చెప్పిన నాలుగో పాయ ఇదే, యాప్‌లలో దాదాపు కనిపించనిదీ ఇదే. నెలకోసారి ఆ రెండు నిమిషాలను ఫోనులో రికార్డు చేసి పాతదానితో పోల్చుకోండి. పతకాలకన్నా అది నిజం చెబుతుంది.

పెయిడ్ వెర్షన్ సంగతి: అందులో సాధారణంగా తొలగేవి ప్రకటనలు, తప్పుల మీద ఉన్న పరిమితి. తప్పు చేస్తే ఆగిపోవాల్సి వస్తుందని మీరు కష్టమైన పాఠాలు తప్పించుకుంటున్నట్లయితే, ఆ పరిమితి తొలగడం వల్ల నిజంగా లాభం ఉంది, పైన చెప్పినట్టు చేయి అడ్డం పెట్టి ధైర్యంగా తప్పులు చేయవచ్చు. కొన్ని యాప్‌లు పై స్థాయి చందాలో కృత్రిమ మేధతో సంభాషణ కూడా ఇస్తున్నాయి. మనిషి ముందు బెరుకు తగ్గడానికి అది ఒక మెట్టుగా పనికొస్తుంది. కానీ మీ దగ్గర ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోతుందంటే, ఏడాది చందా బదులు మనిషితో కొన్ని పాఠాలు తీసుకోండి. మొదటి పాఠంలో, మీ సహోద్యోగి అడిగిన ఆ రెండో ప్రశ్ననే మళ్లీ అడగమనండి.